పుట్టిన బిడ్డ ఒక చెయ్యి కదపడం లేదా? భుజం గ్రోత్ ప్లేట్ దెబ్బని గుర్తుపట్టడం, మాన్పడం

పుట్టిన బిడ్డ రెండు చేతులూ ఒకేలా ఆడిస్తోందా లేదా అన్నది మొదటి రోజే చూసుకోవాలి. ఒక చేతిని ఒంటికి అంటించుకుని అలాగే ఉంచేస్తూ, ఆ చెయ్యి ముట్టుకుంటే చాలు గుక్కపట్టి ఏడుస్తుంటే, "కాన్పులో కాస్త ఒత్తుకుని ఉంటుంది, నాలుగు రోజులు నూనె రాస్తే సర్దుకుంటుంది" అని వదిలేయకండి. అలాగని చెయ్యి పట్టుకుని లాగి, తిప్పి చూడనూ వద్దు. ఇది ఇంట్లో పసిబిడ్డని చూసుకునేవాళ్ళ కోసం, అలాగే చిన్న ఆస్పత్రుల్లో డ్యూటీ చేసే జూనియర్ డాక్టర్లు, స్టాఫ్ నర్సుల కోసం కూడా రాస్తున్నాను, ఎందుకంటే ఈ దెబ్బ చాలాసార్లు వీళ్ళ చేతుల్లోనే దొరుకుతుంది, లేదా వీళ్ళ చేతుల్లోంచే జారిపోతుంది.

ముందు అసలు దెబ్బ ఎక్కడ తగులుతుందో చెప్తాను. జబ్బ ఎముక పైన గుండ్రంగా ఉండి భుజం కీలులో తిరిగే తల ఉంటుంది కదా, పుట్టేటప్పటికి చాలామంది పిల్లల్లో అది ఇంకా ఎముకగా మారి ఉండదు, అంతా మృదులాస్థే, అంటే మెత్తటి కార్టిలేజ్. ఆ తలకీ, కింద ఉన్న గట్టి ఎముకకీ మధ్య ఒక పలుచని పొర ఉంటుంది. ఎముక పొడవు పెరిగేది అక్కడి నుంచే, దాన్నే గ్రోత్ ప్లేట్ అంటారు. పసిబిడ్డలో కీలు చుట్టూ ఉన్న సంచీ, లిగమెంట్లూ ఈ పొర కంటే గట్టివి. అందుకే కాన్పులో చెయ్యి మీద లాగుడో మెలికో పడితే కీలు తొలగదు, ఈ పొర దగ్గరే విడిపోతుంది: తల కీలులోనే ఉండిపోతుంది, కింది ఎముక పక్కకి జరుగుతుంది. టొరంటోకి చెందిన సాల్టర్, హారిస్ అనే ఇద్దరు డాక్టర్లు 1963లో పిల్లల గ్రోత్ ప్లేట్ దెబ్బలని రకాలుగా విడదీశారు, వాళ్ళ లెక్కలో నవజాత శిశువుకి తగిలేది దాదాపు ఎప్పుడూ మొదటి రకం, అంటే ఎముక ముక్క ఏదీ ఊడకుండా పొర మాత్రమే విడిపోవడం. రకాలన్నిటిలో బాగా మానేది కూడా ఇదే.

ఏ కాన్పుల తర్వాత అనుమానించాలి

బిడ్డ బరువు ఎక్కువున్నప్పుడు, తల్లికి సుగర్ ఉన్నప్పుడు, తల బయటికి వచ్చాక భుజాలు ఇరుక్కుపోయినప్పుడు, ఎదురుకాళ్ళతో పుట్టి చేతులు తల పైకి వెళ్ళిపోయినప్పుడు. సిజేరియన్‌లో కూడా జరుగుతుంది. "ఆపరేషన్ చేసి తీశారు కదా, చెయ్యికి దెబ్బ ఎలా తగులుతుంది?" అని అడిగేవాళ్ళు చాలామంది, కానీ అడ్డంగా ఉన్న బిడ్డనో, కాళ్ళు ముందున్న బిడ్డనో గర్భసంచికి పెట్టిన కోతలోంచి బయటికి తీసేటప్పుడు కూడా చేతి మీద బలం పడుతుంది. ఇక్కడ ఒక మాట చెప్పాలి: భుజాలు ఇరుక్కున్నప్పుడు బిడ్డకి ఆక్సిజన్ అందక ప్రాణం మీదికి వస్తుంది, నిమిషాల్లో బయటికి తీయాలి. ఆ హడావిడిలో తగిలిన దెబ్బనల్లా ఎవరో చేసిన తప్పుగా చూడకూడదు. తగిలిందని ఇంటివాళ్ళకి చెప్పకుండా దాచడం మాత్రం తప్పే. కాన్పు కష్టమైతే ఆ మాట డిశ్చార్జ్ కాగితంలో స్పష్టంగా రాయండి, పక్క డాక్టరుకి అదే మొదటి ఆధారం.

ముట్టుకోకముందు కళ్ళతో చూడండి

ఫ్యాన్ ఆపి, బిడ్డకి పాలు పట్టి, చలి తగలని చోట పడుకోబెట్టి, బట్టలన్నీ విప్పి ఓ రెండు నిమిషాలు ఊరికే చూడండి. మోచెయ్యి తనంతట తాను మడుస్తోందా? వేళ్ళు ఆడుతున్నాయా? రెండు భుజాల గుండ్రం ఒకేలా ఉందా, ఒకవైపు ఉబ్బి ఉందా? కమిలిన మచ్చ ఉందా? వాపు, కమిలిన రంగు మొదటి గంటల్లో కనపడకపోయినా మర్నాటికి తేలొచ్చు, అందుకే ఒక్కసారి చూసి బాగానే ఉందని రాసెయ్యకూడదు.

తర్వాత మీ వేలు బిడ్డ అరచేతిలో పెట్టండి. గట్టిగా పట్టుకుంటే చేతి వేళ్ళకి వెళ్ళే నరాలు పనిచేస్తున్నాయన్నమాట. తర్వాత మెడ కింద కాలర్ ఎముకని ఒక చివర నుంచి ఇంకో చివరకి మునివేలితో మెల్లగా తడమండి, ఆ తర్వాతే భుజం, జబ్బ, మోచెయ్యి. నొప్పి ఎక్కడుందో బిడ్డ ముఖమే చెప్తుంది. ఎముక కరకరలాడుతోందేమో చూద్దామని భుజాన్ని తిప్పకండి, దాని వల్ల కొత్తగా తెలిసేది ఏమీ లేదు, బిడ్డకి నొప్పి తప్ప. ఉలికిపాటు పరీక్ష, అంటే మోరో, ఒక్కసారి చాలు, అదీ చేతులు పట్టుకుని లేపి వదిలే పద్ధతిలో అస్సలు వద్దు. నిద్రలో తలుపు చప్పుడుకి బిడ్డ ఉలిక్కిపడినప్పుడు ఒక చెయ్యే పైకి లేచిందా రెండూ లేచాయా అని బాలింతని అడిగితే, ఆవిడ మీకంటే బాగా చెప్తుంది.

చెయ్యి కదపకపోవడానికి ఇంకేం కారణాలుంటాయి

కాన్పులో విరిగే ఎముకల్లో అన్నిటికంటే ఎక్కువగా విరిగేది కాలర్ ఎముక. ఆ చోటే నొప్పి, ఓ వారం పది రోజులకి చిన్న గడ్డలా చేతికి తగులుతుంది, అది అతుకు పడుతున్న గుర్తు, భయపడక్కర్లేదు. జబ్బ ఎముక మధ్యలో విరిగితే ఎక్స్-రేలో దాగదు.

మెడ నుంచి చేతికి వచ్చే నరాలు సాగిపోతే వచ్చేది ఎర్బ్స్ పాల్సీ. ఇందులో చెయ్యి లోపలికి తిరిగి, మోచెయ్యి చాచుకుని, మణికట్టు వంగి వేలాడుతుంది. వేళ్ళతో పట్టు మాత్రం ఉంటుంది. గ్రోత్ ప్లేట్ దెబ్బలో కూడా చెయ్యి లోపలికి తిరిగి కదలకుండా ఉంటుంది కాబట్టి రెండూ ఒకటే అనుకోవడం మామూలే. తేడా నొప్పిలో ఉంది. నరం దెబ్బలో మీరు చెయ్యి మెల్లగా కదిపితే బిడ్డ పెద్దగా ఏడవదు, ఎముక దెబ్బలో ఒప్పుకోదు. పైగా ఎముక దెబ్బలో, భుజం కదలకుండా పట్టుకుంటే మోచెయ్యి మడవగలుగుతుంది. కానీ ఒకే లాగుడికి రెండూ కలిసి జరగొచ్చు, అందుకని ఎర్బ్స్ అని తేలిన బిడ్డకి కూడా భుజం ఎముక చూడకుండా ఫిజియోథెరపీకి పంపకండి. విడిపోయిన ఎముక మీద వ్యాయామాలు చేయించడం ఎంత నరకమో ఆలోచించండి.

ఇప్పుడు అసలు భయపడాల్సిన దాని గురించి. కీలులో చీము. నవజాత శిశువు భుజం విషయంలో పొరబడకూడని చోటు ఏదైనా ఉందంటే ఇదే, ఎందుకంటే గ్రోత్ ప్లేట్ దెబ్బని రెండు రోజులు ఆలస్యంగా పట్టుకున్నా దానంతట అది మానుతుంది, చీముని రెండు రోజులు వదిలేస్తే ఆ మృదులాస్థి తలనే తినేస్తుంది, చెయ్యి జీవితాంతం పొట్టిగా, వంకరగా మిగిలిపోవచ్చు. ఈ వయసులో రక్తనాళాలు గ్రోత్ ప్లేట్‌ని దాటుకుని తలలోకి వెళ్తాయి, కాబట్టి ఎముకలో మొదలైన ఇన్ఫెక్షన్ అడ్డూ ఆపూ లేకుండా కీలులోకి దిగుతుంది. గుర్తుపట్టడానికి మొదట అడగాల్సిన ప్రశ్న: పుట్టినప్పటి నుంచే కదపడం లేదా, లేక కొన్ని రోజులు బాగా ఆడించి తర్వాత మానేసిందా? మొదట ఆడించి తర్వాత మానేస్తే అది కాన్పు దెబ్బ కాదు, కాదని తేలేదాకా ఇన్ఫెక్షనే అనుకోవాలి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ అయితే, బొడ్డులో గొట్టం పెట్టి ఐసీయూలో ఉంచిన బిడ్డ అయితే మరీ జాగ్రత్త. జ్వరం లేదు కదా అని ధైర్యం చెప్పుకోవద్దు, ఇంత చిన్న పిల్లలకి చీము పట్టినా ఒళ్ళు కాలకపోవచ్చు, ఒక్కోసారి చల్లబడుతుంది కూడా. పాలు సరిగా తాగకపోవడం, మందంగా పడి ఉండడం, ఎత్తుకుంటే ఇంకా ఎక్కువ ఏడవడం చూడండి. ఇన్ఫెక్షన్‌ని సూచించే రక్త పరీక్ష సీఆర్‌పీ ఒక్కటే చూసి తేల్చకండి. బ్లడ్ కల్చర్ (రక్తంలో క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్ష) తీసి, అల్ట్రాసౌండ్‌లో కీలులో నీరు కనపడి అనుమానం ఉంటే ఆ రోజే సూదితో తీసి పరీక్షించాలి, చీమైతే ఆ రోజే కడగాలి. "రేపు ఉదయం ఆర్థో సార్ వచ్చాక చూద్దాం" అనే మాట ఇక్కడ చెల్లదు.

తల్లికి గర్భంతో ఉన్నప్పుడు సిఫిలిస్ పరీక్ష చేయించారో లేదో కూడా ఒకసారి కార్డు చూడండి. పుట్టుకతో వచ్చే సిఫిలిస్‌లో ఎముకల చివర్లు దెబ్బతిని, నొప్పి వల్ల బిడ్డ చెయ్యి కదపకుండా ఉంచేస్తుంది. అరుదే, కానీ పెన్సిలిన్‌తో నయమయ్యేదాన్ని వదిలేయకూడదు.

ఎక్స్-రే ఎందుకు తప్పుదోవ పట్టిస్తుంది

ఎక్స్-రే తీయాలి, రెండు భుజాలూ ఒకే ఫిల్మ్‌లో వచ్చేలా తీయాలి. కాలర్ ఎముక, జబ్బ ఎముక దానిలో తెలుస్తాయి. కానీ ఆ తల మృదులాస్థి కాబట్టి ఫిల్మ్ మీద కనపడదు, అందులో ఎముక చుక్క కొందరికి పుట్టేనాటికే ఉన్నా, చాలామందికి మొదటి ఆరు నెలల్లో ఎప్పుడో వస్తుంది. ఫిల్మ్ చేతిలో పట్టుకుని చూస్తే మీకు కనపడేది ఇంతే: జబ్బ ఎముక పై చివర భుజం గుంటకి ఎదురుగా లేకుండా పక్కకి జరిగి ఉంటుంది, రెండో వైపుతో పోల్చితే మధ్యలో ఖాళీ తేడాగా ఉంటుంది. అలవాటు లేనివాళ్ళు దీన్ని చూసి "భుజం తొలగింది" అని రిపోర్టు రాసేస్తారు, ఆ రిపోర్టు పట్టుకుని ఇంకొకరు చెయ్యి లాగి కీలు ఎక్కించబోతారు. పసిబిడ్డకి కాన్పులో భుజం తొలగడం అన్నది చాలా చాలా అరుదు. రిపోర్టులో డిస్‌లొకేషన్ అని ఉంటే, లాగకముందు గ్రోత్ ప్లేట్ విడిందేమో అని అడగండి.

దీన్ని తేల్చేది అల్ట్రాసౌండ్. మత్తు అక్కర్లేదు, రేడియేషన్ లేదు, మంచం దగ్గరే చేయొచ్చు. బిడ్డకి పాలు పట్టి, తల్లి ఒడిలోనే ఒక పక్కకి పడుకోబెట్టి, జెల్లీని అరచేతిలో కాస్త వెచ్చబరిచి, పైపై భాగాలని స్పష్టంగా చూపే హై ఫ్రీక్వెన్సీ లీనియర్ ప్రోబ్‌ని భుజం వెనకవైపు అడ్డంగా పెట్టాలి. ముందు బాగున్న భుజం చూడండి: గుండ్రటి నల్లటి తల, అందులో సన్నని చుక్కలు, అది గుంటలో కూర్చుని ఉంటుంది, ఎముక గీత దాని కింద నుంచి తిన్నగా కొనసాగుతుంది. తర్వాత దెబ్బ వైపు. తల గుంటలోనే ఉండి, ఎముక గీత మాత్రం మెట్టులా పక్కకి జరిగితే గ్రోత్ ప్లేట్ విడిపోయినట్టు. తలా ఎముకా రెండూ కలిసి గుంటలోంచి బయటికి వస్తేనే నిజంగా కీలు తొలగినట్టు, అది ఎక్కువగా నరం దెబ్బ ఉన్న పిల్లల్లో నెలలు గడిచాక కనపడేది. కీలులో నీరు చేరిందా అన్నది కూడా అప్పుడే చూసుకోవాలి. స్కాన్‌లో తేలకపోతే, లేదా ఇన్ఫెక్షన్ ఎంత దూరం పాకిందో తెలియాలంటే ఎంఆర్ఐ, అంతేగానీ అందరికీ అవసరం లేదు. స్కాన్ చేసే డాక్టరుకి పిల్లల భుజం అలవాటు లేకపోతే, బాగున్న వైపుతో పోల్చి ఫొటోలు తీయించి పిల్లల ఆర్థోపెడిక్ డాక్టరుకి పంపించినా పని జరుగుతుంది.

ఎక్స్-రే మళ్ళీ పది పద్నాలుగు రోజులకి తీస్తే ఎముక పక్కన కొత్త ఎముక తెల్లగా కనపడుతుంది, దాంతో అనుమానం పూర్తిగా తీరిపోతుంది. పుట్టి రెండు వారాలు దాటినా కొత్త ఎముక జాడే లేకపోతే, ఆ దెబ్బ కాన్పులో తగిలింది కాదేమో, తర్వాత తగిలిందేమో అని డాక్టరు సున్నితంగానే అయినా అడిగి తీరాలి.

వైద్యం: చేతిని ఛాతీకి ఆనించి ఉంచడం, అంతే

తల్లిదండ్రులకి నమ్మకం కుదరనిది ఇక్కడే. ఎముక జరిగిందంటారు, ఆపరేషన్ వద్దంటారు, కట్టు కూడా సిమెంటుది కాదంటారు. కారణం ఉంది. జబ్బ ఎముక పొడవులో దాదాపు 80 శాతం ఈ పై గ్రోత్ ప్లేట్ నుంచే పెరుగుతుంది, అంత పెరుగుదల ముందున్నప్పుడు ఇప్పుడున్న వంకర ఎముక పెరిగే కొద్దీ తనంతట తానే సరైపోతుంది. బాగా జరిగిపోయిన కొద్దిమందికి మత్తులో స్కాన్ చూస్తూ మెల్లగా సర్దుతారు, సన్నని పిన్ను వేయాల్సి రావడం మరీ అరుదు. మిగతా అందరికీ రెండు మూడు వారాల విశ్రాంతి చాలు.

కట్టే పద్ధతి ఇది. చంకలో, మోచేతి మడతలో పొడిగా తుడిచి మెత్తటి నూలుగుడ్డ మడత పెట్టండి, చర్మం చర్మానికి రాసుకోకుండా. మోచెయ్యి మడిచి అరచెయ్యి ఛాతీ మీదో పొట్ట మీదో ఉండేలా పెట్టి, దాని మీదుగా మెత్తటి గుడ్డ పట్టీ వీపు చుట్టూ తిప్పి కట్టాలి. పట్టీ కింద మీ రెండు వేళ్ళు సులువుగా దూరాలి, బిడ్డ ఊపిరి తీసినప్పుడు పొట్ట, ఛాతీ హాయిగా ఎగరాలి. వేళ్ళు గులాబీ రంగులో, వెచ్చగా ఉండాలి. నీలంగా మారినా, చల్లబడినా, వాచినా వెంటనే విప్పేసి ఆస్పత్రికి వెళ్ళండి. మొదటిసారి నర్సు దగ్గర మీ చేతులతో కట్టి చూపించి, సరిగ్గా ఉందనిపించుకున్నాకే ఇంటికి రండి. ఎండాకాలంలో మన దగ్గర చంకలో ఒరుపు వస్తుంది, కాబట్టి రోజూ ఒకసారి, ఒకరు చెయ్యి కదలకుండా పట్టుకుంటే ఇంకొకరు తుడిచి గుడ్డ మార్చాలి. పౌడర్ వద్దు.

నొప్పికి తల్లి పాలు, తల్లి ఛాతీ మీద ఒంటికి ఒళ్ళు తగిలేలా పడుకోబెట్టడం బాగా పనిచేస్తాయి. పారాసెటమాల్ చుక్కలు బరువు చూసి డాక్టరు రాస్తేనే, ఆ మోతాదులోనే. మీ అంతట మీరు వేస్తే జ్వరం వచ్చినా కప్పబడిపోతుంది, ఇంత చిన్న బిడ్డలో అది ప్రమాదం.

ఇంట్లో

బట్టలు ముందు నుంచి ముడి వేసే జుబ్బాలు కొనండి. తొడిగేటప్పుడు దెబ్బ చెయ్యి ముందు, విప్పేటప్పుడు చివర. ఎత్తుకునేటప్పుడు ఒక చెయ్యి మెడా వీపు కింద, ఇంకోటి పిర్రల కింద. రెక్క పట్టుకుని లేపడం, చంకల్లో చేతులు పెట్టి ఎత్తడం రెండూ బంద్. చూడ్డానికి వచ్చిన చుట్టాలకి కూడా ముందే చెప్పేయండి, మొహమాటపడకండి. పాలిచ్చేటప్పుడు దెబ్బ భుజం పైకి ఉండేలా పట్టుకోవాలి, దెబ్బకి ఎదురు వైపు రొమ్ముకి (బిడ్డ కుడి భుజానికి దెబ్బైతే మీ ఎడమ రొమ్ముకి) బిడ్డని మీ చంక కింద నుంచి పెట్టుకుంటే సరిపోతుంది.

ఇక స్నానం. మన ఇళ్ళల్లో కాళ్ళ మీద వేసుకుని నూనె పట్టించి, చేతులు ఇటూ అటూ ఛాతీ మీదుగా దాటించి సాగదీసి, నలుగు పెట్టి నీళ్ళు పోస్తారు. కట్టు విప్పేదాకా ఇది పూర్తిగా ఆపాలి, గోరువెచ్చని నీళ్ళల్లో ముంచిన గుడ్డతో ఒళ్ళు తుడిస్తే చాలు. అమ్మమ్మకో నాయనమ్మకో, నీళ్ళు పోయడానికి వచ్చే ఆవిడకో కోపం రాకుండా చెప్పాలంటే డాక్టరు చేతే చెప్పించండి, చాలా ఇళ్ళల్లో అదే పనిచేస్తుంది. అలాగే, పెద్దవాళ్ళ విరుపులకి నాటు కట్టు కోసం పుత్తూరు దాకా వెళ్ళే అలవాటు మన వైపు ఉంది, కానీ పసిబిడ్డకి ఏ బద్దకట్టూ కట్టించకండి. ఆ లేత చేతికి కాస్త బిగువైనా రక్తం ఆగిపోతుంది, పైగా ఇక్కడ బద్దలతో నిలబెట్టాల్సిన ఎముకే లేదు.

బీసీజీ టీకా ఎడమ జబ్బకి వేస్తారు. దెబ్బ ఆ వైపైతే టీకా వేసే ముందే నర్సుకి చెప్పండి, ఎప్పుడు వేయాలో డాక్టరు చెప్తారు, ఏడాది లోపు వేయించుకోవచ్చు కాబట్టి కంగారు లేదు. వేశాక కొన్ని వారాలకి అక్కడ చిన్న పొక్కు లేవడం మామూలే, దాన్ని దెబ్బ వాపు అనుకోవద్దు.

కట్టు విప్పాక

నొప్పి తగ్గగానే బిడ్డ తనే చెయ్యి ఆడిస్తుంది, ఎముక దెబ్బ ఒక్కటే అయితే ఫిజియోథెరపీ అక్కర్లేదు. మూడు వారాలు దాటినా ఆడించకపోతే నరం సంగతి మళ్ళీ చూడాలి. నరం దెబ్బలు కూడా చాలావరకు వాటంతట అవే తేరుకుంటాయి, కానీ మూడో నెల వచ్చేసరికి మోచెయ్యి మడవడం మొదలుకాకపోతే ఇంక ఎదురుచూడకుండా నరాల ఆపరేషన్లు చేసే పెద్ద సెంటర్‌లో చూపించాలి. ఆలస్యమైన కొద్దీ ఆపరేషన్ ఫలితం తగ్గిపోతుంది. ఎముక దెబ్బ మానినవాళ్ళని కూడా ఆరు నెలలకి, ఏడాదికి ఒకసారి చూపించి, చెయ్యి తల పైకి పూర్తిగా లేస్తోందా, రెండు చేతుల పొడవు సమానంగా ఉందా అని చూసుకోండి.

డబ్బు గురించి వెనకాడాల్సిన పని లేదు. 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రిలో జబ్బు చేసిన నవజాత శిశువుకి పరీక్షలు, మందులు, రవాణా ఉచితం. ఆశా కార్యకర్త ఆస్పత్రి కాన్పు తర్వాత 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి రావాలి, వచ్చినప్పుడు బట్టలు విప్పి రెండు చేతులూ చూడమని మీరే అడగండి. ఎదుగుదల అనుమానాలకి జిల్లా కేంద్రాల్లో డీఈఐసీలు, అంటే పిల్లల ఎదుగుదల లోపాలని తొందరగా పట్టి చికిత్స చేసే ప్రభుత్వ కేంద్రాలు ఉన్నాయి. పాలు మానేసినా, మందకొడిగా ఉన్నా, భుజం ఎర్రబడి వేడిగా ఉన్నా, ఒళ్ళు కాలినా చల్లబడినా, అప్పటిదాకా ఆడిన చెయ్యి ఆడకపోయినా, అర్ధరాత్రి అయినా సరే 108కి ఫోన్ చేసి, పసిపిల్లల ఐసీయూ ఉన్న ఆస్పత్రికే వెళ్ళండి, పాత ఎక్స్-రే ఫిల్మూ డిశ్చార్జ్ కాగితమూ వెంట తీసుకెళ్ళండి.